బసప్ప చేని పై ముక్క

గడీపారు ఉత్తర్వు తెచ్చిన పోలీసమ్మ నేత్రావతి గడప బయటే బూట్లు విప్పి లోపలికొచ్చింది. అది చూసి అనుపమకు నవ్వొచ్చింది. ఒక మనిషిని ఆరు నెలలపాటు సొంత జిల్లాలో కాలు పెట్టనీయకుండా తరమడానికి వచ్చి, ఆ మనిషి ఇంటి గచ్చు మాసిపోకూడదని జాగ్రత్తపడుతోంది. ఈ ప్రభుత్వానికి మర్యాద తెలియదని ఎవరనగలరు.

బళ్ళారి సత్యనారాయణపేటలో ఆ ముందుగది ఒకప్పుడు టైపు ఇన్‌స్టిట్యూటు. ఇప్పుడు మిషన్లు పోయి ఒక కంప్యూటరు, ఒక ప్రింటరు మిగిలాయి. పింఛను ఆగినవాళ్ళు, పోలీసులు కొట్టినవాళ్ళు, గనిలో కాలో చెయ్యో పోగొట్టుకున్నవాళ్ళు వచ్చి బెంచీ మీద కూర్చుంటారు. అనుపమ వాళ్ళ అర్జీలు రాసిపెడుతుంది. అర్జీతో పని కాకపోతే కలెక్టరాఫీసు ముందు వాళ్ళతో పాటు కూర్చుంటుంది. ముప్ఫై ఏళ్ళుగా చేస్తున్నది ఇదే.

ఆమె కళ్ళద్దాలు పెట్టుకొని, కలం చేతికి తీసుకొని ఉత్తర్వు చదివింది. కన్నడంలో రెండు పేజీలు. వృత్తి అన్నచోట 'ధర్నాలు చేయడం' అని రాశారు. ఆమె వల్ల సజ్జనులు ప్రాణభయంతో బతుకుతున్నారట. సాక్ష్యం చెప్పడానికి కూడా జడుస్తున్నారట. కాబట్టి రేపు సాయంత్రంలోగా బళ్ళారి జిల్లా ఎల్లలు దాటి వెళ్ళిపోవాలి. టైపు నేర్పిన అలవాటు కొద్దీ తప్పులున్న చోటల్లా సున్నా చుట్టి, చివర సంతకం పెట్టి ఇచ్చింది.

"ఎల్ల దాటి యాడికి పోవల్లనో రాయలేదే," అంది.

"యాడికన్నా పోవచ్చు మేడం. ఆంధ్రా అయితే దగ్గిర గదా," అంది నేత్రావతి. తలెత్తకుండా, పెద్దావిడకు దారి చెబుతున్నట్టు మెల్లగా అంది.

ఆమె వెళ్ళిన కాసేపటికే తమ్ముడు జగదీశ్ వచ్చాడు. అతనికి ఖనిజం తోలే లారీలున్నాయి. కొండ మీది గని నుంచి తోరణగల్లు ఉక్కు ఫ్యాక్టరీ దాకా ఎర్రదుమ్ము లేపుకుంటూ తిరుగుతుంటాయి. అతను మాత్రం తెల్లచొక్కా తప్ప వేసుకోడు.

"నేనే చెప్పినా అక్కా," అన్నాడు కుర్చీలో కూర్చుంటూనే. "నీతో ప్రాణభయం ఉండాదని నా దగ్గర రాయించుకున్యారు. రాసుకోనీ. నేను చెప్పకుంటే ఇంకా పెద్ద సెక్షను వేస్తాండ్రి. నీ మంచికే చేసినా."

"నాతో ప్రాణభయమా నీకు?"

"మాటకు."

"నిన్ను సైకిలు మీద ఇస్కూలుకు తొక్కుకొని పోయింది నేనే గదరా. అప్పట్నించే భయమా?"

"యగతాళి వద్దక్కా. రాయదుర్గంలో పెద్దమ్మోళ్ళ ఇంట్లో పైరూము ఖాళీగా ఉండాది. ఏసీ పెట్టించినా. ఆరు నెలలు గమ్మున ఉండు. ఆ బసప్ప ఎవరు, నువ్వెవరు?"

అనుపమ కాఫీ తెచ్చిచ్చింది. అందులో ఏమన్నా కలిపానేమో చూసుకొని తాగమంది. ప్రాణభయంతో బతుకుతున్న ఆ సజ్జనుడు గుక్కెడు తాగి, ఇంకో చెంచా చక్కెర అడిగాడు. ఆమెకు కోపం కూడా రాలేదు. కోపం రావాలన్నా ఎదుటివాడిలో కొంచెం సరుకుండాలి.

బసప్ప ఎవరో జగదీశ్‌కు బాగా తెలుసు. ఆంధ్ర ఎల్లకు ఆనుకొని ఉన్న కొండ కింద అతని చేను. గనివాళ్ళు కొండను తవ్వీ తవ్వీ, దాని మీద రెండు రాష్ట్రాల మధ్య నాటిన ఎల్లరాళ్ళను కూడా ఖనిజంతో పాటు లారీలకెత్తి పంపేశారు. తర్వాత గని బురద దిగి బసప్ప చేని పై ముక్కను ముంచేసింది. ఆ బురద మీదే లారీలకు దారి వేసుకున్నారు. బసప్ప బళ్ళారి తాసిల్దారు దగ్గరికి పోతే, రాళ్ళు పోయాక మళ్ళీ కొలిచామనీ, కింది ముక్క బళ్ళారిదే గానీ పై ముక్క ఆంధ్రలో పడిందనీ, తమకు సంబంధం లేదనీ రాసిచ్చాడు. ఎల్ల దాటి ఆ పక్క తాసిల్దారు దగ్గరికి పోతే, మా పటంలో ఇట్లాంటి చేనే లేదన్నాడు. ఇద్దరూ సర్కారు జీతం తినేవాళ్ళే. ఇద్దరూ కుర్చీలోంచి లేవకుండానే ఒక మనిషి పొలాన్ని భూమ్మీద లేకుండా చేశారు.

బసప్ప రెండేళ్ళు ఇటూ అటూ తిరిగాడు. చివరికి ఒక పొద్దున ఎద్దులబండిని ఆ దారికి అడ్డం పెట్టి దాని ముందు కూర్చున్నాడు. అప్పుడు మాత్రం బళ్ళారి పోలీసులకు ఎల్ల గురించి ఏ అనుమానమూ రాలేదు. తిన్నగా జీపు వేసుకొని పై ముక్కకు వచ్చి, అతన్ని ఈడ్చుకుపోయి జైల్లో వేశారు. మూడు నెలలైంది. ఒకసారి బెయిలు కొట్టేశారు. రెండోసారి మంగళవారం విచారణకు రానుంది. అతని పెళ్ళాం పక్కీరమ్మను వెంటబెట్టుకొని అనుపమ ఎక్కని ఆఫీసు లేదు. ఇప్పుడు గడీపారు వచ్చిందంటే అందుకే.

జగదీశ్ వెళ్ళిపోయాక ఆమె ఉత్తర్వును మళ్ళీ తీసి చదివింది. జిల్లా ఎల్లలు దాటి వెళ్ళమన్నారు. దాటి ఎంత దూరం పోవాలో ఎక్కడా లేదు. ఆమె ప్రింటరు మీద గుడ్డ కప్పింది. రెండు చీరలు, బీపీ మాత్రలు, ఒక చెంబు సంచిలో పెట్టుకుంది.

*

మరుసటి రోజు మధ్యాహ్నం జీపొచ్చింది. ముందు సీట్లో డ్రైవరు, పక్కన నేత్రావతి. వెనకాల జగదీశ్ కారు, అక్కను ఎల్ల దగ్గర ఎక్కించుకొని రాయదుర్గం తీసుకుపోవడానికి. వీధిలో జనం అరుగుల మీదికొచ్చి చూశారు. ఒకరిద్దరు నమస్కారం పెట్టారు. మిగిలినవాళ్ళు జగదీశ్ కారు చూసి చేతులు కట్టుకున్నారు.

ఊరు దాటాక దారి చీలే చోట, "ఎడం పక్కకు తిప్పప్పా," అంది అనుపమ డ్రైవరుతో.

"రాయదుర్గం రోడ్డు అట్ల గాదు మేడం," అంది నేత్రావతి.

"రాయదుర్గం పొమ్మని మీ ఉత్తర్వులో ఉండాదా? ఆంధ్రా అయితే సాలన్నావు గదా. బసప్ప చేని పై ముక్క ఆంధ్రానే. మీ తాసిల్దారు సంతకం చేసి, మొహరు కొట్టి ఇచ్చినాడు. ఆడ దింపండి."

నేత్రావతి ఇన్‌స్పెక్టరు రుద్రేశ్‌కు ఫోను చేసింది. అతని గొంతు జీపులో అందరికీ వినబడింది. "యాడన్నా ఇడిసిపెట్టి రామ్మా. ఆంధ్రా అయితే ముగిసింది. ఫోటో తీసి గ్రూపులో వెయ్యి. డీజిలు వేస్టు చేయొద్దు." ఇంత తెలివైనవాళ్ళ చేతిలో జిల్లా శాంతిభద్రతలు పదిలంగా ఉన్నాయని అనుపమ నిశ్చింతగా సీటుకు ఆనుకుంది.

జీపు కొండదారి పట్టింది. ఒక పక్క గట్టు, ఇంకో పక్క బురదగుంట, మధ్యలో ఒక్క బండి పట్టేంత దారి. కింది ముక్క దాటి పై ముక్కలో ఆగింది. నేత్రావతి అనుపమను నిలబెట్టి ఫోటో తీసింది. తీసి, ఫోను చూసి మొహం చిట్లించింది. ఆ ఫోన్లో ఫోటో కింద ఊరూ జిల్లా వాటంతటవే పడతాయి. బళ్ళారి, కర్ణాటక అని పడ్డాయి.

"ఇంకొంచెం పైకి పోండి మేడం."

ఆమె పైకి పోయింది. మళ్ళీ బళ్ళారి అనే పడింది. ఇంకా పైకి పొమ్మంటే బురద మోకాళ్ళకొచ్చింది. చివరికి నేత్రావతి ఆ ఊరి పేరు పడే ఏర్పాటును ఆపేసి, ఉత్త ఫోటో తీసుకొని గ్రూపులో వేసింది. ఎవరూ ఏమీ అడగలేదు. రెండు బొటనవేళ్ళు కూడా వచ్చాయి.

జగదీశ్ కారు దిగాడు గానీ బురదలో అడుగు పెట్టలేదు. "అక్కా, ఏందిది? నా డ్రైవర్లంతా ఈ దారిలోనే పోతాండారు. పరువు తీస్తాండావు."

"నీ లారీల దారి ఆంధ్రాలో ఉండాదని పేపరోళ్ళకు నువ్వే గదప్పా చెప్పినావు. ఆంధ్రాకే వచ్చినా. ఏసీ రూము నీ దగ్గిరే పెట్టుకో."

కారూ జీపూ వెళ్ళిపోయాయి. చేని అంచున రేకుల కొట్టం ముందు పక్కీరమ్మ పార పట్టుకొని ఇదంతా చూస్తూ నిలబడింది. ఎదురొచ్చి చేతులు పట్టుకోలేదు.

"ఈడికెందుకొచ్చినావు అనుపమక్కా?" అంది. "నీ మాట ఇని మా వోడు అర్జీలు పెట్టె. అర్జీలు పెట్టి పెట్టి తిక్కరేగి బండి అడ్డం పెట్టె. ఇప్పుడు నిన్ను నేను సాకల్లనా?"

"సాకొద్దు. పని చెప్పు, చేస్తా."

పక్కీరమ్మ ఆమెను పైనుంచి కిందికి చూసి, పాత బొచ్చె ఒకటి ముందుకు తోసింది. పని ఏమిటంటే, పై ముక్కలో బురద ఎండి పెళ్ళలు కట్టిన చోట పారతో లేపి, బొచ్చెకెత్తి, గట్టు అవతల పోయడం. లేకపోతే వానొచ్చినప్పుడు అదంతా కరిగి కింది ముక్కలోని వేరుశెనగ మీదికి దిగుతుంది. పెళ్ళ కింద ఇంకో పెళ్ళ, దాని కింద ఎక్కడో పాత నల్లమన్ను. పక్కీరమ్మ పార ఒక్క ఊపుకు దిగేది. అనుపమ మోసే బొచ్చె సగం దారిలోనే ఒరిగిపోయేది. చీకటి పడేలోగా అరచేతులు బొబ్బలెక్కాయి. కాలి మడమలు ఎర్రగా పగిలాయి.

"టైపు కొట్టినట్ల గాదు," అంది పక్కీరమ్మ. అంటూనే ఆముదం తెచ్చి చేతుల్లో పోసింది.

*

రెండు రోజులు అలాగే గడిచాయి. లారీలు వస్తూనే ఉన్నాయి. మొదట్లో డ్రైవర్లు గుర్తుపట్టలేదు. పట్టాక, ఓనరు అక్క బొచ్చె మోస్తోందని చేని దగ్గర వేగం తగ్గించడం మొదలుపెట్టారు. ఒకతను బండి ఆపి నీళ్ళ క్యాను దించి, ఏమీ మాట్లాడకుండా వెళ్ళాడు. ఇంకొకతను ఫోన్లో వీడియో తీశాడు. ఆ వీడియో సాయంత్రానికి బళ్ళారి అంతా తిరిగింది. గడీపారు చేసిన మనిషి జిల్లాలోనే కూర్చుని మన్ను మోస్తోందని టీ హోటళ్ళలో నవ్వుకున్నారని, కింది ఊరికి పాలకోసం పోయొచ్చిన పక్కీరమ్మ చెప్పింది. చెబుతూ తనూ నవ్వబోయి ఆపుకుంది.

"అందరూ నగుతాండారు. నగితే మా వోడు ఇంటికొస్తాడా?"

అనుపమ అప్పుడు తన ఆలోచన బయటపెట్టింది. "సూడు పక్కీరమ్మా. నన్ను పట్టుకోను రావల్ల వాళ్ళు. పట్టుకుంటే, ఈ జాగా బళ్ళారి జిల్లా అని వాళ్ళ చేత్తో రాయల్ల. రాయకుంటే కేసు నిలవదు. ఒక్కసారి రాసినారంటే తాసిల్దారు చెప్పింది అబద్ధమని తేలిపోతాది. నీ చేను నీదైతాది. ఆంధ్రా అని చెప్పుకొని గనోళ్ళు ఈడ తవ్విందంతా దొంగతనమైతాది."

"నీకు?"

"నాకు జైలు. ఎల్ల దాటి లోపలికొచ్చినందుకు."

పక్కీరమ్మ పొయ్యిలో పుల్ల ఎగదోసింది. "ఒకరు పోయినాక వచ్చిందేంది? ఇద్దరు పోతే వచ్చేదేంది?"

 అనుపమకు మాత్రం తన లెక్క తప్పదనే నమ్మకం. మూర్ఖులను నమ్మొచ్చు, వాళ్ళు ఎప్పుడూ మాట తప్పరు అనుకుంది.

సోమవారం పొద్దున జీపు వచ్చింది. ఈసారి ముందు సీట్లో ఇన్‌స్పెక్టరు రుద్రేశే కూర్చున్నాడు. నల్లద్దాలు, ఇస్త్రీ చెదరని బట్టలు. పై అధికారి చేత చీవాట్లు తిన్న మొహం అద్దాల కింద దాగలేదు. నేత్రావతి అట్టా కాగితాలూ పట్టుకొని వెనక దిగింది. వాళ్ళ వెనకే జగదీశ్ మోటారుసైకిలు మీద వచ్చి దూరంగా ఆగాడు. ఫిర్యాదు చేసింది అతనే మరి. ప్రాణభయం ఇంకా తగ్గలేదు కాబోలు.

"ఏనమ్మా," అన్నాడు రుద్రేశ్. "ఆర్డరు అంటే ఆటలా? ఇది బళ్ళారి జిల్లా. ఎల్ల దాటి లోపలికొచ్చినావు. నడువు, జీపెక్కు."

"ఎక్కుతా సార్. స్థల మహజరు రాయండి. యాడ పట్టుకున్నారో రాసినాకే ఎక్కుతా. చట్టం అదే గదా."

"చట్టం నాకు నేర్పిస్తావా? రాయమ్మా నేత్రావతి." అతను నడుము మీద చేతులు పెట్టుకొని, కొండ వినాలన్నట్టు గట్టిగా చెప్పసాగాడు. ఫలానా తేదీ, ఫలానా పొద్దు, బళ్ళారి జిల్లా, బళ్ళారి తాలూకా, ఫలానా గ్రామం, సర్వే నంబరు, బసప్పకు చెందిన చేని పై భాగంలో. అనుపమ నేత్రావతి కలాన్నే చూస్తోంది. కలం 'బళ్ళారి' దగ్గర ఆగింది.

"సార్," అంది నేత్రావతి మెల్లగా. "ఈ పై ముక్క ఆంధ్రాలో ఉండాదని తాసిల్దారు లెటరు హైకోర్టులో ఇచ్చినారు సార్. గని కేసులో. మనం బళ్ళారి అని రాస్తే..."

రుద్రేశ్‌కు అర్థం కావడానికి కొంచెం సమయం పట్టింది. కళ్ళద్దాలు తీశాడు. కొండ వైపు చూశాడు, కిందికి చూశాడు, అక్కడెక్కడో గీత గీసి ఉంటుందన్నట్టు. తర్వాత జీపు అవతలికి పోయి ఫోను చేశాడు. "సార్... హౌదు సార్... ఇల్ల సార్... బర్యోదిల్ల సార్." ఫోన్లో కూడా అటెన్షన్లో నిలబడి, రాయనని మాటిచ్చాడు. తిరిగొచ్చి నేత్రావతి చేతిలోని కాగితం తీసుకొని నాలుగు ముక్కలు చేసి జేబులో పెట్టుకున్నాడు.

"ఇది ఆంధ్రా," అన్నాడు. "మా లిమిట్సు గాదు. మీరు ఈడనే ఉండొచ్చు. మాకేం అభ్యంతరం ల్యాదు."

అనుపమకు ఏడుపొచ్చినంత పనైంది. ముప్ఫై ఏళ్ళుగా వీళ్ళ అబద్ధాలు టైపు కొట్టి కొట్టి వేళ్ళు అరిగాయి. ఇవాళ జైలుకు తనంతట తను చేతులు చాపి నిలబడితే, ఒక్క ఊరి పేరు రాసే దమ్ము లేకపోయింది. పట్టుకోవడం కూడా చేతకాని పోలీసు. వాడి ముందా తను లెక్కలు వేసుకున్నది. అంతవరకు నవ్వుగానే ఉన్న తిరస్కారం మొదటిసారి కోపమైంది.

"సార్, అట్లంటే ఎట్ల సార్?" అన్నాడు జగదీశ్ దూరం నుంచే. "నా బండ్లు పోవల్ల."

"పోనీ. ఎవరొద్దన్నారు?" రుద్రేశ్ జీపు వైపు నడిచాడు.

అప్పుడు పక్కీరమ్మ చేతిలోని పారను నేలకానించి అడిగింది. "సార్. ఇది మీ లిమిట్సు గాకుంటే, మా వోన్ని యాడ పట్టుకున్నారు?"

అతను ఆగాడు.

"ఈడనే గదా పట్టుకున్నారు. ఇదో, ఈ దారిలో. బండి కింద దూరితే కాళ్ళు పట్టి లాగినారు. నేను సూసినా. నేత్రావతమ్మ కూడా ఉండె. ఆ పొద్దు ఇది మీది. ఈ పొద్దు మీది గాదు. మా వోడు మాత్రం మీ జైల్లోనే ఉండాడు."

 నేత్రావతి అట్ట మీది క్లిప్పు తీసి మళ్ళీ పెట్టింది. అనుపమ పక్కీరమ్మ వైపు తిరిగి చూసింది. తను ఇన్ని రోజులూ చేను గురించి ఆలోచించింది, గని గురించి ఆలోచించింది, తన అరెస్టు గురించి ఆలోచించింది. పక్కీరమ్మ మొగుడి గురించి తప్ప వేరే ఆలోచించలేదు. అందుకే ప్రశ్న సూటిగా పోయి తగిలింది.

"రేపు జడ్జి ముందర ఇదే అడగాల," అంది అనుపమ. "లాయరుకు ఈ పొద్దే ఫోను చేస్తా."

"రేపటి దాకా యాల?" అంది పక్కీరమ్మ.

రుద్రేశ్ జీపెక్కి తలుపు వేసుకున్నాడు. డ్రైవరు బండిని కిందికి తిప్పాడు. అప్పటికే పక్కీరమ్మ పార భుజాన వేసుకొని దారిలోకి నడిచింది. జీపు ముందు, మూడు నెలల కింద బసప్ప కూర్చున్న చోటే బాసింపట్టు వేసుకొని కూర్చుంది. అటుపక్క గట్టు, ఇటుపక్క బురదగుంట. వెనక కొండ మీద నుంచి లోడు లారీలు ఒకదాని వెనక ఒకటి దిగి వచ్చి జీపు వెనక ఆగాయి. వాటి మీదున్నది జగదీశ్ పేరే.

డ్రైవరు హారను కొట్టాడు. ఆమె కదల్లేదు.

"దిగి లేపమ్మా ఆమెను," అన్నాడు రుద్రేశ్.

నేత్రావతి దిగింది. రెండడుగులు వేసి ఆగింది. "ఏ సెక్షను కింద లేపల్ల సార్?" అని అడిగింది. "మన లిమిట్సు గాదంటిరి గదా." ఆ గొంతులో వెటకారం ఉందో లేదో అనుపమ కనిపెట్టలేకపోయింది. ఆ పిల్ల మొహం ఉత్తర్వు తెచ్చిన రోజులాగే వినయంగా ఉంది.

రుద్రేశ్ ఎల్ల అవతలి స్టేషనుకు ఫోను చేశాడు. అటు నుంచి ఎవరో ఆవులిస్తూ, ఆ కొండ కర్ణాటకది కదా సార్, మేమెట్లా వస్తామని పెట్టేశాడు. వెనక లారీలు హారన్లు మొదలుపెట్టాయి. జగదీశ్ మోటారుసైకిలు దిగి అటూ ఇటూ నడిచాడు. ఎవరిని పిలవాలో అతనికి తోచలేదు. పుట్టి బుద్ధెరిగిన తర్వాత అతను పోలీసులు లేని చోట నిలబడడం ఇదే మొదలు. తెల్లచొక్కా వీపున చెమటతో తడిసి, దాని మీద ఎర్రదుమ్ము పట్టింది.

"అక్కా, చెప్పక్కా ఆమెకు," అన్నాడు.

"నా మాట ఇనదప్పా," అంది అనుపమ. "ఆమె చేను, ఆమె ఇష్టం." పోయి పక్కీరమ్మ పక్కన కూర్చుంది.

ఎండ ఎక్కింది. ఒక్కొక్కటిగా లారీల ఇంజన్లు ఆగిపోయాయి. చివరికి జీపు ఇంజను కూడా ఆగింది. రుద్రేశ్ కిందికి దిగి, టోపీ తీసి చంకలో పెట్టుకొని, వాళ్ళ ముందుకొచ్చి నిలబడ్డాడు. గొంతు సవరించుకున్నాడు.

"అమ్మా," అన్నాడు. మూడు నెలలుగా స్టేషను చుట్టూ తిరుగుతున్న పక్కీరమ్మను ఆ శాఖలో ఎవరూ ఆ మాటతో పిలిచింది లేదు. "దారి ఇడుమ్మా. ఎండ జాస్తి ఉండాది."

పక్కీరమ్మ కొంగు తల మీదికి లాక్కుంది.

"మా వోన్ని తోలకరాపో సార్. వాడొచ్చి చెయ్యిస్తే లేస్తా."